ఎర్రర్ కాయినా, దెబ్బతిన్న నాణెమా? తేల్చుకునే పద్ధతి

"ఇది ఎర్రరేనా అన్నా?" అంటూ చెన్నైలోని మన తెలుగు సేకరణదారుల గ్రూపుల్లో రోజుకో ఫొటో వస్తుంది. అంచు కొరికినట్టున్న రూపాయి, మధ్య బిళ్ళ ఊడిపోయిన పది రూపాయలు, సింహాల తలల మీద అడ్డంగా పోయిన గీత, సగం చెరిగిన సంవత్సరం. ఎర్రర్ అంటే నాణెం తయారయ్యే టంకశాలలోనే (మింట్‌లోనే) జరిగిన తప్పు. వీటిలో చాలావాటికి మాత్రం జవాబు ఒకటే: టంకశాల దాటి వచ్చాక దెబ్బతిన్నవి. అయితే ఆ ముక్క చెప్పి ఊరుకుంటే అడిగినవారికి ఒరిగేదేమీ లేదు. పై వారం ఇంకో నాణెం తెచ్చి మళ్ళీ అడుగుతారు. ఈలోగా ఎవరో వైస్‌లో బిగించి నొక్కిన నాణేన్ని వేల రూపాయలు పోసి కొనేస్తారు. జీతం డబ్బుతో కొత్తగా సేకరణ మొదలుపెట్టిన కుర్రవాళ్ళు ఇలా మోసపోవడం చూస్తే చాలా బాధేస్తుంది. అందుకే ఈ పద్ధతిని మొదటినుంచీ వివరంగా రాస్తున్నాను.

నాణెం మీద ఏ వింత కనిపించినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది టంకశాలలో ఏ దశలో, ఏ యంత్రం దగ్గర జరిగి ఉంటుంది? దానికి జవాబు దొరికి, నాణెం మీది మిగతా గుర్తులన్నీ ఆ జవాబుతో కలిస్తేనే అది ఎర్రర్. జవాబు దొరక్కపోతే, చూడ్డానికి ఎంత విచిత్రంగా ఉన్నా దాని విలువ ముఖవిలువే.

మొదటి మెట్టు: నాణెం పుట్టుక తెలుసుకోండి

ఈ భాగం దాటవేసి నేరుగా రకాల దగ్గరికి వెళ్ళకండి. కింద చెప్పే ప్రతి పరీక్షకూ ఇదే ఆధారం.

మన దేశంలో ఇప్పుడు పనిచేస్తున్న ప్రభుత్వ టంకశాలలు నాలుగు: ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. సంవత్సరం కింద వజ్రం గుర్తుంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఎక్కడైనా పని జరిగే వరస ఇదే. కావలసిన మందానికి సాగగొట్టిన లోహపు పట్టీలోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. ఇంకో యంత్రంలో అంచును నొక్కి చుట్టూ చిన్న గట్టు లేపుతారు. శుభ్రం చేశాక అచ్చు యంత్రంలోకి పంపుతారు. అక్కడ పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు, చుట్టూ బిళ్ళను పట్టి ఉంచే ఉక్కు కాలర్ ఉంటాయి. అచ్చులు రెండూ టన్నుల బరువుతో బిళ్ళను ఒక్కసారి నొక్కగానే బొమ్మ, బొరుసు, అంచు మీది పళ్ళు, మూడూ ఒకేసారి ఏర్పడతాయి. ఇది నిమిషానికి వందల నాణేల వేగంతో సాగే పని. అంత వేగంలో ఎక్కడో ఒకటి తప్పడం, తనిఖీలో కూడా దొరక్కుండా సంచిలోకి చేరడం వింతేమీ కాదు.

దీన్నిబట్టి తప్పులు మూడే చోట్ల జరుగుతాయి. బిళ్ళ తప్పు కావచ్చు, అచ్చు తప్పు కావచ్చు, ముద్ర పడే క్షణంలో తప్పు జరగవచ్చు. నాలుగో చోటు టంకశాలలో లేదు.

ఇంకో సంగతి బాగా గుర్తుంచుకోండి. ముద్ర పడేటప్పుడు లోహం కదిలి అచ్చులోని పల్లాల్లోకి ఎక్కుతుంది. అచ్చు మీద పల్లంగా ఉన్నది నాణెం మీద ఎత్తుగా వస్తుంది. కాబట్టి అచ్చు పగిలితే, గీసుకుపోతే, ఆ గుర్తు నాణెం మీద ఎత్తు గీతగా పడుతుంది. నాణెం చేతికొచ్చాక ఎవరైనా గీస్తే అది పల్లంగా ఉంటుంది, లోంచి తోసుకొచ్చిన లోహం గీత పక్కన కట్టలా లేస్తుంది.

రెండో మెట్టు: పనిముట్లు

ఖరీదైనవేమీ అక్కర్లేదు. గ్రాములో నూరో వంతు దాకా చూపే చిన్న తూకం, వ్యాసం, మందం కొలిచే డిజిటల్ కాలిపర్, పది రెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం), ఒక మామూలు అయస్కాంతం, పక్కనుంచి వెలుతురు పడేలా వంచగల టేబుల్ ల్యాంపు. సౌకార్‌పేటలో బంగారు పనివారికి సరుకులమ్మే దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. వీటికన్నా ముఖ్యమైన పనిముట్టు ఇంకొకటుంది. అదే విలువ, అదే సంవత్సరం, అదే టంకశాల ఉన్న మామూలు నాణెం. దాన్ని పక్కన పెట్టుకోకుండా ఏ తీర్పూ చెప్పకండి. ఫొటోలో వింతగా కనిపించేవాటిలో సగం, పక్కన మామూలుది పెట్టి చూడగానే తేలిపోతాయి.

మూడో మెట్టు: తూచండి, కొలవండి

కళ్ళకన్నా ముందు తూకాన్ని నమ్మండి. చేతికి తరచుగా దొరికే నాణేల కొలతలివి:

ఒక రూపాయి, 1992 నుంచి వచ్చిన పెద్ద స్టీలు నాణెం: 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు
ఒక రూపాయి, 2011లో మొదలైన రూపాయి గుర్తు వరస: దాదాపు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు
ఒక రూపాయి, 2019 వరస: 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు
రెండు రూపాయలు, పదకొండు మూలల కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) నాణెం: 26 మిల్లీమీటర్లు, 6 గ్రాములు
రెండు రూపాయలు, 2011 వరస: 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు
అయిదు రూపాయలు, పాత బరువైన కుప్రోనికెల్ నాణెం: 23 మిల్లీమీటర్లు, 9 గ్రాములు
అయిదు రూపాయలు, 2011 వరస నికెల్ బ్రాస్ (నికెల్ కలిపిన ఇత్తడి): 23 మిల్లీమీటర్లు, 6 గ్రాములు
పది రూపాయలు, 2011 వరస: 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు
ఇరవై రూపాయలు, 2019 వరస, పన్నెండు భుజాలది: 27 మిల్లీమీటర్లు, 8.54 గ్రాములు

ఈ పట్టికలో ఒక చిక్కు గమనించారా? 2011 రెండు రూపాయల కొలతలు పాత రూపాయి కొలతలే. 2011 రూపాయి కొలతలేమో అంతకుముందటి స్టీలు యాభై పైసలవి. "రూపాయి బిళ్ళ మీద రెండు రూపాయల ముద్ర పడింది" అని ఎవరైనా చూపిస్తే ముందు ఈ లెక్క సరిచూడండి. చాలాసార్లు అది దాని సొంత బిళ్ళే.

బరువు సరిగ్గా ఉండి ఆకారం మాత్రం తేడాగా ఉంటే లోహం ఎక్కడికీ పోలేదు, చోటు మారింది అంతే. అది ముద్ర సమయంలో మారిందా, సుత్తి కింద మారిందా అన్నది తర్వాత చూడాలి. బరువు బాగా తక్కువుంటే లోహం పోయింది. బిళ్ళ కోసేటప్పుడే పోయిందా, ఆకురాయికో ఆసిడ్‌కో పోయిందా అన్నది అప్పుడు ప్రశ్న. మామూలు వాడకంలో అరిగిన నాణెం కూడా కొంచెం తేలికవుతుంది కాబట్టి ఒకటి రెండు శాతం తేడాకే ఉత్సాహపడకండి.

ఆసిడ్ విషయం ఇక్కడే చెబుతాను. పలచటి నాణేన్ని చూపించి "పలచటి బిళ్ళ ఎర్రర్" అని అమ్ముతారు. నిజంగా పలచటి బిళ్ళ మీద ముద్ర పడితే వ్యాసం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే కాలర్ మారలేదు. అచ్చు నిండటానికి లోహం చాలదు కాబట్టి బొమ్మలో ఎత్తైన చోట్లు మాత్రం సరిగా రావు. ఆసిడ్‌లో నానబెట్టిన నాణెం అలా కాదు. అన్ని వైపులా సమానంగా కరుగుతుంది. వ్యాసం తగ్గుతుంది, గట్టు సన్నబడుతుంది, అక్షరాలు సన్నగా మెత్తబడి కనిపిస్తాయి, ఉపరితలం గరుకుగా ఉంటుంది. కాలిపర్ ఉంటే నిమిషంలో తేలే విషయం ఇది.

నాలుగో మెట్టు: అయస్కాంతం

మన స్టీలు నాణేల్లో ఇనుము 83 శాతం, క్రోమియం 17 శాతం. ఈ రకం స్టీలును అయస్కాంతం పట్టుకుంటుంది. కుప్రోనికెల్, నికెల్ బ్రాస్ నాణేలను పట్టుకోదు. వేరే లోహపు బిళ్ళ మీద ముద్ర పడిందన్న మాటను పరీక్షించడానికి ఇది మొదటి అడుగు. కానీ తొందరపడకండి. 2007, 2008 ప్రాంతంలో అయిదు రూపాయలను స్టీలుతో కూడా ముద్రించారు. అది అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన ఎర్రర్ కాదు, మామూలు విడుదలే. 1962 నుంచి కొన్నేళ్ళు వచ్చిన రూపాయి శుద్ధమైన నికెల్‌తో చేసింది. దాన్నీ అయస్కాంతం పట్టుకుంటుంది.

రాగి రంగు రెండు రూపాయలు, బంగారు రంగు రూపాయి అంటూ వచ్చేవన్నీ దాదాపు పూత వేసినవే. లూప్ పెట్టి ఎత్తైన చోట్లు, గట్టు, అంచు చూడండి. వాడకంలో ముందు అరిగేవి అవే, అక్కడ కింది తెల్లటి లోహం బయటపడుతుంది. స్టీలును వేడి చేసినా రంగు మారుతుంది. ముందు గడ్డి పసుపు, తర్వాత ఊదా, నీలం. హారతి కర్పూరం కింద, దీపం సెమ్మె అడుగున ఉండిపోయిన నాణేలకు ఈ రంగులు వస్తాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి, కానీ టంకశాలతో సంబంధం లేదు.

అయిదో మెట్టు: ముందు అంచు, తర్వాతే బొమ్మ

కొత్తవాళ్ళు బొమ్మ చూస్తారు, బొరుసు చూస్తారు, అంచు మరచిపోతారు. నిజం చాలావరకు అంచులోనే దొరుకుతుంది. మోసం చేసేవాడు రెండు ముఖాల మీద కష్టపడతాడు. అంచును టంకశాల పద్ధతిలో మళ్ళీ తయారుచేయడం అతనివల్ల కాదు.

ఉదాహరణకు వెడల్పైన నాణెం తీసుకోండి. కాలర్ సరిగా పట్టుకోని క్షణంలో ముద్ర పడితే లోహం ఆపేవాళ్ళు లేక బయటికి పాకుతుంది. వ్యాసం పెరుగుతుంది, అంచు మీద పళ్ళుండవు, కానీ బొమ్మా బొరుసూ పూర్తిగా, స్పష్టంగా ఉంటాయి, బరువు సరిపోతుంది. సుత్తితో కొట్టిన నాణెం కూడా వెడల్పవుతుంది, కానీ అక్షరాలు అణిగి చప్పిడిపోతాయి, పళ్ళ జాడలు అంచు మీద ఎక్కడో ఒకచోట మిగులుతాయి. రైలు పట్టా మీద పెట్టి సాగగొట్టినవి ఇంకా తేలిక. కోడిగుడ్డు ఆకారం, కాగితమంత పలచటి అంచు, ఒక వైపుకి లాగినట్టుండే బొమ్మ. దీనికి విరుద్ధంగా గట్టు లోపలికి ముడుచుకుని మందంగా, వ్యాసం తక్కువగా ఉండే నాణేలుంటాయి. వాషింగ్ మెషీన్ డ్రమ్ము సందుల్లో చిక్కుకుని నెలల తరబడి దొర్లితే అలా అవుతాయి. అంచు చుట్టూ చెంచాతో కొట్టినా అంతే. అచ్చు యంత్రంలో ఏ దశా గట్టును అలా లోపలికి మడవలేదు.

ఆరో మెట్టు: ఒక్కో రకాన్నీ పరీక్షించడం

అంచు తెగిన నాణెం. చపాతీ పిండి మీద గిన్నె మూతతో గుండ్రంగా కోస్తూ, ముందు కోసిన రంధ్రం మీదికి కొంచెం జరిగితే రెండో ముక్కకు వంపుగా కొరికినట్టు వస్తుంది కదా, బిళ్ళలు కోసే యంత్రం దగ్గర జరిగేదీ అదే. అందుకే అసలైన కోత వంపు ఆ బిళ్ళ వంపుతో కలవాలి. పట్టీ చివరన కోసినదైతే కోత తిన్నగా ఉంటుంది. ఇప్పుడు అసలు పరీక్ష. కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టును చూడండి. గట్టు లేపే యంత్రంలో బిళ్ళను రెండు వైపులనుంచీ నొక్కుతారు. ఒక పక్క లోహం లేకపోతే ఎదుటి పక్క కూడా సరైన ఒత్తిడి పడదు. అందుకే అసలైనదాంట్లో కోతకు ఎదురుగా గట్టు బలహీనంగా లేదా మాయమై ఉంటుంది. సేకరణదారులు దీన్ని బ్లేక్స్‌లీ గుర్తు అంటారు. ఇది అన్నిటిలోనూ కనిపించకపోవచ్చు గానీ, కనిపిస్తే గట్టి సాక్ష్యం. ఆ పైన కోత దగ్గరున్న అక్షరాలు కోత వైపు సాగి, పలచబడి ముగుస్తాయి, ఎందుకంటే ముద్ర పడేటప్పుడు అక్కడి లోహం ఖాళీలోకి పాకింది. కత్తిరించిన నాణెంలో అక్షరం నిండుగా ఉండి, ఒక్కసారిగా తెగిపోయి కనిపిస్తుంది. లూప్‌లో ఆకురాయి గీతలూ కనిపిస్తాయి.

పక్కకు జరిగిన ముద్ర. బిళ్ళ సరిగ్గా మధ్యలో కూర్చోకుండా ముద్ర పడితే ఒక వైపు నెలవంకలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నున్నగా, బిళ్ళకు మొదట ఉన్న గట్టుతో ఉండాలి. కాలర్ బయట పడ్డ ముద్ర కాబట్టి నాణెం పూర్తి గుండ్రంగా ఉండదు. సంవత్సరం కనిపించే ముక్కకు సేకరణదారులు ఎక్కువ ధర ఇస్తారు. ఒక పక్క అరగదీసి "జరిగిన ముద్ర" అని చూపిస్తే తూకం పట్టిచ్చేస్తుంది. పైగా అరగదీసిన చోట గీతలన్నీ ఒకే దిశలో నడుస్తాయి.

లాఖీ. మన దేశపు సేకరణదారులు అద్దపు ప్రతిబింబంలా పడిన నాణేన్ని ఇలా పిలుస్తారు. ఇష్టపడేవాళ్ళు ఎక్కువ, నకిలీలూ ఎక్కువే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చూద్దాం. ముద్ర పడిన ఒక నాణెం బయటికి పోకుండా అచ్చుకే అతుక్కుని ఉండిపోతుంది. దాని కిందికి కొత్త బిళ్ళ వస్తుంది. ఈసారి ఆ బిళ్ళకు ఒక పక్క అచ్చు, ఇంకో పక్క అతుక్కున్న నాణెం. అచ్చు ఉన్న పక్క మామూలు బొమ్మ నిండుగా పడుతుంది. నాణెం ఉన్న పక్క, అదే బొమ్మ తిరగబడి, పల్లంగా పడుతుంది. అంటే రెండు పక్కలా ఒకటే బొమ్మ: ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. అద్దం ముందు పెడితే పల్లంగా ఉన్నది సరిగ్గా చదవగలగాలి.

నకిలీ లాఖీ చేసేవాడు రెండు మామూలు నాణేలను ముఖాముఖి పెట్టి వైస్‌లో బిగిస్తాడు, లేదా సుత్తితో కొడతాడు. అలా చేసినదాన్ని మూడు చోట్ల పట్టుకోవచ్చు. పల్లంగా ఉన్న వైపు, ఆ నాణెం సొంత బొమ్మ జాడలు అణిగిపోయి ఇంకా కనిపిస్తుంటాయి. అసలైన లాఖీలో ఆ పక్క వేరే ముద్ర ఎప్పుడూ పడలేదు కాబట్టి జాడలుండే అవకాశమే లేదు. రెండోది, పల్లపు బొమ్మ అక్కడక్కడా ముక్కలుగా, ఎత్తైన భాగాలే దిగినట్టుంటుంది. మూడోది అవతలి వైపు. వైస్ పళ్ళెం నొక్కిన ముఖం మీద బొమ్మ చప్పిడిపోయి మెరుస్తుంది. అసలైనదాంట్లో ఆ ముఖమే అన్నిటికన్నా తేటగా ఉంటుంది. అతుక్కున్న నాణెం ఎక్కువసేపు ఉండిపోతే అది సాగిపోతుంది కాబట్టి తర్వాతి బిళ్ళల మీద పల్లపు బొమ్మ పెద్దదై, మసకగా పడటం సహజమే. అలాంటిదాన్ని చూసి నకిలీ అని తోసేయకండి, అవతలి ముఖం చూడండి.

తిరిగిన అచ్చు. గణతంత్ర భారతం నాణేల్లో బొమ్మను నిలువుగా పట్టుకుని పక్కకి తిప్పితే బొరుసు కూడా నిలువుగానే రావాలి. ఒక అచ్చు బిగువు తప్పి తిరిగిపోతే బొరుసు వాలిపోయో, తలకిందులుగానో వస్తుంది. ఒకే లోహపు నాణెంలో దీన్ని తర్వాత సృష్టించడం దాదాపు కుదరదు, రెండు సగాలు అతికిస్తే తప్ప. అతికినట్టు అనుమానముంటే గట్టు లోపలి అంచున సన్నటి అతుకు గీత వెతకండి. రెండు పక్కలా సింహాలున్న నాణేలనూ ఇలాగే చూడాలి. వాటిలో ఎక్కువ భాగం గారడీ వాళ్ళ కోసం చేసినవి. కొత్తవారికి నేను మొదట వెతకమని చెప్పే ఎర్రర్ ఈ తిరిగిన అచ్చే. చిల్లరలో దొరుకుతుంది, మోసానికి పెద్దగా తావుండదు.

పగిలిన అచ్చు. ఎత్తుగా, వంకరటింకరగా, అక్షరాల మీదుగా కూడా ఆగకుండా పోయే గీత ఉంటే అచ్చు చీలిందన్నమాట. అచ్చు అంచున ఒక ముక్క ఊడిపోతే అక్కడ గట్టును కలుపుకుని ఎత్తైన ముద్ద వస్తుంది. అచ్చులో ఖాళీ ఏర్పడింది కాబట్టి లోహం అటు పోతుంది, దాంతో ఆ ముద్దకు సరిగ్గా వెనక వైపు బొమ్మ బలహీనంగా పడుతుంది. టంకం పోసిన ముద్ద వెనక అలా ఉండదు.

రెండుగా కనిపించే అక్షరాలు. అచ్చు తయారీలోనే రెండుసార్లు ముద్ర పడితే నాణెం మీద అక్షరం రెండుగా, రెండూ గుండ్రటి ఎత్తుతో, మూలల్లో చీలిక గుర్తులతో వస్తుంది. అక్షరం వెడల్పు పెరుగుతుంది. ముద్ర పడ్డాక వదులైన అచ్చు కాస్త జరిగి రాసుకుపోతే వేరుగా ఉంటుంది. అక్షరం పక్కన చదునైన మెట్టులా ఏర్పడుతుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. రెండోది యంత్రంలోనే జరిగినా దానికి సేకరణ విలువ ఇవ్వరు.

మాయమైన అక్షరాలు. గ్రీజు, దుమ్ము అచ్చు పల్లాల్లో పేరుకుంటే లోహం అక్కడికి ఎక్కదు. సంవత్సరంలో ఒక అంకె, "భారత్"లో ఒక అక్షరం మాయమవుతుంది. ఆ చోటు మిగతా ఖాళీ జాగా ఎత్తులోనే ఉండి, అంచులు మెల్లగా మసకబారాలి, బరువు తగ్గకూడదు. గీకి తీసేస్తే ఆ చోటు పల్లంగా, గీతలతో, మిగతా నాణెం కన్నా వేరే మెరుపుతో ఉంటుంది. పల్లంగా ఉండీ అసలైనవి కొన్ని లేకపోలేదు: అచ్చుకూ బిళ్ళకూ మధ్య దారం ముక్కో, తీగ ముక్కో పడితే దాని ఆకారం నాణెం మీద దిగుతుంది. అక్కడ పక్కన కట్టలా లేచిన లోహం ఉండదు, అదే తేడా.

ఏడో మెట్టు: రెండు లోహాల నాణేలతో జాగ్రత్త

పది, ఇరవై రూపాయల నాణేల్లో బయటి వలయం, లోపలి బిళ్ళ విడిగా వచ్చి, అచ్చు యంత్రంలో ఒకే నొక్కుకి కలిసిపోతాయి. ముద్రా అప్పుడే పడుతుంది, బిగువూ అప్పుడే కుదురుతుంది. కాబట్టి వలయం మీది బొమ్మ, లోపలి బొమ్మ ఎప్పుడూ ఒకే గీటులో ఉండాలి. లోపలి బిళ్ళ మాత్రం పక్కకు తిరిగి ఉంటే, లేదా తిరగేసి ఉంటే, ఎవరో సుత్తితో ఊడగొట్టి మళ్ళీ దిగ్గొట్టారు. ఎంత ఒరిజినల్ అని ప్రమాణం చేసినా నమ్మకండి, యంత్రంలో అది జరిగే దారే లేదు.

లోపలి బిళ్ళ లేని వలయం కూడా ఇలాగే. నిజంగా బిళ్ళ లేకుండా ముద్ర పడితే వలయపు లోహం ఖాళీలోకి పాకి రంధ్రం కొంచెం చిన్నదవుతుంది, వంకర అవుతుంది, బొమ్మ రంధ్రం అంచు దాకా సాగి కనిపిస్తుంది. ఊడగొట్టినదాంట్లో రంధ్రం నిఖార్సైన గుండ్రం, లోపలి గోడ మీద బిళ్ళ కూర్చున్న గాడి, ఒక పక్క సుత్తి దెబ్బకు లేచిన అంచు. లోపలి బిళ్ళ పక్కకు జరిగి అసలైన ఎర్రర్ అయితే, బొమ్మ రెండు లోహాల మీదుగా తెగకుండా నడుస్తుంది.

ఎనిమిదో మెట్టు: అసలు తప్పే కానివి

తెలియని రూపాన్ని ఎర్రర్ అనుకోవడం ఇంకో పొరపాటు. పది రూపాయల నాణెంలో రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ, గీతల సంఖ్య తేడా ఉన్నవీ చెల్లవని వదంతి పుట్టి, చెన్నై చిల్లర కొట్లలో కూడా కొన్నాళ్ళు తీసుకోలేదు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని ప్రకటించింది. అవన్నీ వేర్వేరు డిజైన్లు, తప్పులు కావు. టంకశాల గుర్తుల సంగతీ ఇంతే. 1985లో కొంత, 1990ల చివర కొంత మన నాణేలను విదేశాల్లో ముద్రించారు. 1999 అయిదు రూపాయల మీద రష్యన్ అక్షరాలు కనిపిస్తే అది మాస్కో టంకశాల గుర్తు. వైష్ణో దేవి బొమ్మ ఉన్న నాణెం లక్షలు పలుకుతుందన్న వీడియోలను నమ్మవద్దు. అది స్మారక నాణెం, అంతే.

పాత మద్రాసు నాణేల దగ్గరికి వస్తే కొలబద్ద మొత్తం మారుతుంది. విజయనగర వరహాలు, నాయక రాజుల కాసులు చేత్తో కొట్టినవి. అచ్చు బిళ్ళకన్నా పెద్దది, కాబట్టి బొమ్మలో సగమే పడటం అక్కడ మామూలు. వాటిని పక్కకు జరిగిన ముద్ర అని ఎక్కువ ధరకు అమ్మజూస్తే కొనకండి. వెండి రూపాయల మీద చిన్న చిన్న గుంటలు, ముద్రలు ఉంటాయి. నాణేలు మార్చే వ్యాపారులైన షరాబులు వెండి నాణ్యత పరీక్షించి వేసిన గుర్తులవి. టంకశాల తర్వాత పడినవే అయినా చరిత్రలో భాగం, గీకిన గీతలతో సమానం చేయకూడదు.

ఇప్పటి తంగసాలై వీధికి (మింట్ స్ట్రీట్‌కు) ఆ పేరు తెచ్చిన మద్రాసు టంకశాల 1869లో మూతపడింది. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1807, 1808 ప్రాంతంలో వచ్చిన వెండి అర వరహాల మీద గోపురం బొమ్మ, తెలుగు, తమిళ అక్షరాలు ఉంటాయి. వాటిలో చాలావాటిని కరిగించకుండా స్పెయిన్ డాలర్ల మీదే నేరుగా ముద్రించారు. అందుకే గోపురం అడుగున పాత నాణెం అక్షరాలు నీడలా కనిపిస్తాయి. చూడగానే రెండు ముద్రల ఎర్రర్ అనిపిస్తుంది, నిజానికి అది ఆ నాణెం తయారీ పద్ధతే. 1808 నాటి రాగి పది, ఇరవై కాసుల నాణేలు గుంటలు పడి, తొలిచినట్టుండే ముక్కలు కూడా అంగడిలో కనిపిస్తాయి. ఇంగ్లండు నుంచి మద్రాసుకు తెస్తుండగా 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ మునిగింది. 1980లలో లక్షల కొద్దీ కాసులు బయటికి తీశారు. ఆ గుంటలు సముద్రపు ఉప్పు చేసినవి. కళ్ళకు అలవాటు కావాలంటే ఎగ్మూరు మ్యూజియంలో నాణేల విభాగానికి వెళ్ళి అసలైనవి తీరిగ్గా చూడండి.

తొమ్మిదో మెట్టు: కొనేముందు

పాత నాణేల అమ్మకందారు "సార్, ఒరిజినల్ లాఖీ, ఇవాళే వచ్చింది" అన్నప్పుడు తూకం బయటికి తీయండి. తూచనివ్వనివారి దగ్గర కొనకండి. అవతలి ముఖం, అంచు ఫొటోలు పంపమంటే తప్పించుకునేవారికి ముందుగా డబ్బు పంపకండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలు కొంటామని, ముందు రుసుమో కమీషనో కట్టమని ఫోన్లు వస్తాయి. బ్యాంకు అలాంటి లావాదేవీలు చేయదని 2021 ఆగస్టులో స్వయంగా హెచ్చరించింది. ఇక ప్రయోగం కోసమైనా చెలామణీ నాణేలను కొట్టడం, కరిగించడం పెట్టుకోకండి. 2011 నాణేల చట్టం ప్రకారం నాణేలను కరిగించడం, పాడుచేయడం నేరం.

ఎర్రర్ అని తేలిన నాణేన్ని చింతపండుతో, నిమ్మరసంతో, పళ్ళపొడితో తోమవద్దు. ముద్ర పడేటప్పుడు లోహం కదిలిన సన్నటి గీతలే ఆ మెరుపునిచ్చేది. అవి పోతే విలువా పోతుంది, పైగా అది అసలైనదని చెప్పే సాక్ష్యమూ పోతుంది. పీవీసీ కవర్లు కొన్నాళ్ళకు లోహాన్ని జిగురుగా, పచ్చగా చేస్తాయి, అవి వాడకండి. అట్ట హోల్డర్‌లో పెట్టి, పైన బరువు, వ్యాసం, ఎక్కడ దొరికిందీ పెన్సిల్‌తో రాయండి. చెన్నై గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ కాబట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండండి.